ఇస్త్రీ చేస్తున్నట్టు నటించిన ఆవిడ

అమ్మకు నమస్కారాలతో నీ కూతురు రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. మర్యాదకు రాసే క్షేమం కాదు, చూసుకుని రాస్తున్న క్షేమం. దగ్గు తగ్గింది, కిటికీ రెక్క బిగించారు, మెట్ల మీద దీపం మళ్ళీ వెలుగుతోంది. అక్కడ నువ్వూ పిన్నీ ఆరోగ్యంగా ఉన్నారనీ, కొత్త కొట్లో గాలి ఆడటానికి ఆ వెనక కిటికీ తెరిపించారనీ తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆఫీసుకు వెళ్తూ మెట్ల మీద ఒకసారి, మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి చదివాను. నీ ఉత్తరాల్లో చుక్కలూ కామాలూ ఉండవు గనక ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదు, ఒక్క బిగిన చదవాలి. ఆ తప్పు నాదే. ఇస్త్రీబల్ల మీద సుద్దముక్కతో నీకు అక్షరాలు దిద్దించాను గాని, చుక్కల దాకా వచ్చేసరికి ఎవరిదో దుప్పట్ల మూట వచ్చి పడేది.

అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. వేణ్ణీళ్ళు వస్తున్నాయి, పక్కగది నర్సు నాకంటే ముందు లేవకపోతే. వేళకే తింటున్నాను. పిన్ని పంపిన కోటు భుజాల దగ్గర కాస్త వదులు, అయినా ఆఫీసులో ఒకావిడ ఎక్కడ కొన్నావని అడిగింది, అంటే బాగున్నట్టే. లేదు, ఎవరినీ చూసుకోలేదు. పిన్ని అడగమందని రాశావు గాని అది నీ ప్రశ్నేనని నాకు తెలుసు.

ఇక నీకు వచ్చిన ఆ కాగితం సంగతి. నువ్వు రాసినది రాసినట్టే ఇక్కడ దింపుతున్నాను: "మూడుసార్లు చదివాను చదవడం వచ్చింది గాని బోధపడలేదు నేను ఇస్త్రీ చేస్తున్నట్టు నటించానని ఉంది ఎక్కడ నటించానే నేను పిన్ని పడీపడీ నవ్వుతోంది పైన మీ ఆఫీసు పేరుంది గదా నీ ఉద్యోగానికి పనికొస్తుందంటే సంతకం పెట్టి పంపేస్తా నాకేం పోయింది."

అమ్మా, ఈ ఉత్తరం ఆఖరి దాకా చదివేలోపల ఆ కాగితం మీద కలం ఆనించకు. ముందు ఇది చెప్పి తరవాత మిగతాది చెబుతాను. ఆ కాగితాన్ని పిన్నికి అందనంత ఎత్తులో పెట్టు. నవ్వుతూ నవ్వుతూ ఆవిడే నీ సంతకం పెట్టేయగలదు.

మా ఆఫీసువాళ్ళు వేస్తున్న, నేను పనిచేస్తున్న పుస్తకం ఏమిటని మూడు ఉత్తరాల నుంచీ అడుగుతున్నావు. పాత కట్టడాల మీద అని రాశాను. అబద్ధం. ఆ పుస్తకం వెనకగది మీద. అవును, మన వెనకగదే. మన ఇస్త్రీ కొట్టుకు వెనక, ఒక చెక్క తడకకు అవతల, సోడాబుడ్డి పదకొండేళ్ళు నడిపిన ఆ బారు మీద రెండు వందల పన్నెండు పేజీల పుస్తకం వేస్తున్నారు. దాని బరువు మన ఇస్త్రీపెట్టెకు ఏమీ తీసిపోదు.

ఆయన మందపాటి కళ్ళద్దాలు చూసి నువ్వు పెట్టిన పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇక్కడ ఆయన 'గురువుగారు'. ఆయన పోయి నాలుగేళ్ళయింది, శిష్యులు మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. రహస్యంగా దూరి తాగే బారు అనే ఊహను ఆయనే తపస్సు చేసి కనిపెట్టాడని వీళ్ళ నమ్మకం. వెనకగదిని చూసి ఒక్క ఈ ఊళ్ళోనే ఇరవై ఆరు బార్లు వెలిశాయి. సముద్రాల అవతల ఇంకెన్ని ఉన్నాయో పుస్తకం చివర జాబితా ఉంది, అచ్చుతప్పులు దిద్దింది నేనే. ప్రతిదానికీ ముందు ఒక దొంగ ఇస్త్రీ కొట్టు. నీ పని నేర్చుకోకుండా నీ కొట్టును మాత్రం వందచోట్ల పెట్టుకున్నారు.

అలాంటి ఒకదానికి నన్ను తీసుకెళ్ళారు, పుస్తకానికి వివరాలు రాసుకోమని. మధ్యాహ్నం మూడింటికి, ఇంకా తెరవకముందు. తీసుకెళ్ళినాయన ప్రథమ శిష్యుడు. ప్రథమ శిష్యుడంటే మన వెనకగదికి మొత్తం ఏడుసార్లు వచ్చి తాగి వెళ్ళిన మనిషి. మీసాలకు మైనం రాసి కొనలు పైకి తిప్పుతాడు, అందుకని నేను మీసాలాయన అంటాను, మనసులోనే.

లోపలికి వెళ్ళగానే ముందుగది. బల్ల, బల్ల మీద కంబళి, గోడకు వరసగా కోట్లు. బొత్తిగా ముట్టుకోని కోట్లమ్మా, భుజాల మీద దుమ్ము పేరుకుని ఉంది. బల్ల మీద ఒక చొక్కా పరిచి, ఇస్త్రీపెట్టెను దాని మీద బోర్లా వదిలేశారు. నా చెయ్యి ఊరుకోలేదు. చప్పున తీసి నిలబెట్టబోయాను, రాలేదు. మేకులు కొట్టి బిగించారు.

"ముట్టుకోకూడదమ్మా, అది ప్రదర్శన," అన్నాడు మీసాలాయన.

బల్ల వెనక ఒకావిడ నిలబడి ఉంది. నాటకాలు నేర్చుకున్న మనిషట, ఈ పని కోసం పరీక్షపెట్టి తీసుకున్నారట. రెండేళ్ళ నుంచీ రోజూ సాయంత్రం అదే చొక్కా ముందు నిలబడుతోంది. వచ్చినవాళ్ళను "ఏం ఇచ్చి వెళ్తారు?" అని అడగాలి, వాళ్ళు "కాలరు లేని చొక్కా" అనాలి, అప్పుడు ఆవిడ కోట్లు పక్కకు జరిపి తలుపు చూపించాలి. మీసాలాయన లోపలికి వెళ్ళగానే ఆవిడ నా వైపు వంగి, "ఏమండీ, నిజంగా ఇస్త్రీ చేసేటప్పుడు ముందు ఎక్కణ్ణుంచి మొదలుపెడతారో మీకేమైనా తెలుసా? నన్ను ఎవరూ అడగలేదనుకోండి, తెలుసుకుందామని," అంది.

"కాలరు నుంచి. లోపలి వైపు ముందు. రెండు కొనల నుంచి మధ్యకు రావాలి. మధ్య నుంచి కొనలకు పోతే ముడత కొనల్లో చిక్కుకుంటుంది," అన్నాను.

"అబ్బ! మీకెలా తెలుసు?"

నేను జవాబు చెప్పలేదు. ఆ మాట గుర్తుపెట్టుకో అమ్మా, జవాబు చెప్పలేదు.

లోపలి గోడకు ఇత్తడి పలక మీద గురువుగారి నియమాలు చెక్కించారు. వాటి మీద పుస్తకంలో ఒక్కొక్క అధ్యాయం ఉంది. ఒక్కొక్కటీ చదువుతుంటే నాకు నవ్వాలో చెంపలేసుకోవాలో తెలియలేదు.

మొదటిది, ముందుగదిలోంచే రావాలి. రోజువారీ ప్రపంచాన్ని దాటి లోలోపలికి ప్రయాణించడమట అది. అసలు వెనకగదికి పక్క సందులోకి చక్కని గుమ్మం ఉండేది. పురపాలక సంఘం వాళ్ళు గుమ్మం ముందు మురుగు కాలువ తవ్వి, పూడ్చకుండా వెళ్ళిపోయారు. రెండోవారంలోనే ఒక దళసరి మనిషి అందులో పడ్డాడు. సోడాబుడ్డి వచ్చి నీ ముందు చేతులు నలుపుకుంటూ నిలబడితే, "సరేలే, కాలువ పూడ్చేదాకా నా కొట్లోంచి పంపించు, బురదకాళ్ళతో వస్తే మాత్రం ఊరుకోను," అన్నావు. కాలువ పదకొండేళ్ళూ పూడ్చలేదు. లోలోపలి ప్రయాణం అంటే అదీ.

రెండోది, నిలబడి తాగకూడదు. దానికి తొమ్మిది పేజీలు. స్థిరత్వమట, భూమితో సంబంధమట. నిలబడ్డవాళ్ళు మన చెక్క తడకకు వీపు ఆనించేవాళ్ళు, ఇవతల నీ అర మీంచి ఇస్త్రీ చేసిన దొంతర దబ్బున కిందపడేది. ఒకసారి డాక్టరుగారి తెల్లకోట్లు ఆరూ పడ్డాయి. ఆ రోజు నువ్వు లోపలికి వెళ్ళి, నిలబడ్డ ప్రతివాడి భుజమూ పట్టుకుని కుర్చీలో కూలేశావు. అందులో ఒకడు న్యాయమూర్తి.

మూడోది అన్నిటికంటే గొప్పది. గొంతు తగ్గించి మాట్లాడాలి. "మౌనమే మొదటి దినుసు" అని మీసాలాయన దేశదేశాల్లో ఉపన్యాసాలు ఇస్తాడు. ఇప్పుడు నేను ఎన్నడూ చూడని నగరాల్లో, నాకు తెలియని భాషల్లో, వందలమంది పెద్దమనుషులు గ్లాసులు పట్టుకుని గుసగుసలాడుకుంటున్నారు. ఎందుకు? నాకు ఎక్కాలు రావడం లేదని! బల్ల కింద కూర్చుని పదమూడో ఎక్కం దగ్గర నేను ఏడుస్తుంటే, లోపల ఎవడో పాట ఎత్తుకున్నాడని నువ్వు కాలుతున్న ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే వెళ్ళి, "నా పిల్ల చదువుకుంటోంది. ఇంకోసారి గొంతు లేచిందంటే చొక్కా విప్పకుండానే ఇస్త్రీ చేస్తాను," అన్నావు. మర్నాడు సోడాబుడ్డి అట్టముక్క మీద రాసి పెట్టాడు: మెల్లగా మాట్లాడండి. అంతే. ఆ అట్టముక్క ఇప్పుడు అద్దాలపెట్టెలో ఉంది.

సోడాబుడ్డిని మాత్రం నేను ఏమీ అనను. మంచివాడు, పనిమంతుడు. కొలతగిన్నెలతో నాకు అర, పావు, ముప్పాతిక నేర్పింది ఆయనే. ఆ గిన్నెలు లేకపోతే భిన్నాలు నాకు ఈ జన్మకు వచ్చేవి కావు. ఆయన తప్పు ఒక్కటే, ఎవరు ఏమన్నా దిద్దేవాడు కాదు. ఎక్కణ్ణుంచో ఒక పత్రికాయన వచ్చాడు గుర్తుందా? దారి కోసం తచ్చాడుతుంటే, ఇస్త్రీకి వచ్చాడనుకుని నువ్వు ఒంటి మీది కోటు విప్పించి, తళతళలాడేలా చేసి ఇచ్చి, చెయ్యి చాపావు. అతను పత్రికలో రాసింది ఇప్పుడు పుస్తకంలో మొదటి పేజీ: "బారు ముందు గురువు ఒక బూటకపు ఇస్త్రీ కొట్టును సృష్టించాడు. అక్కడి స్త్రీ తన పాత్రలో ఎంతగా లీనమైందంటే నా దగ్గర ఇస్త్రీ డబ్బులు కూడా వసూలు చేసింది."

సోడాబుడ్డి ఆ పత్రిక తెచ్చి నీకు చదివి వినిపించాడు. "చూశావా అక్కా, నువ్వు నా నాటకంలో నటివట."

"అయితే చప్పట్లు కొట్టు. కొట్టి, ఆ మూటలో నీ ఏప్రాన్లు ఉన్నాయి, పట్టుకుపో," అన్నావు నువ్వు.

ముగ్గురం కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నాం. ఆ నవ్వుతో అది అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఆ పత్రికాయన రాసినది చదివి ఇంకొకరు, వాళ్ళది చదివి మరొకరు రాశారు. అడిగి తెలుసుకోవడం అనే పని ఒక్కడికీ గుర్తు రాలేదు. నువ్వు ఆ బల్ల ముందు పద్నాలుగేళ్ళు నిలబడితే, అందులో మూడేళ్ళు సోడాబుడ్డి రాకముందువే. అయినా వీళ్ళ లెక్కలో నువ్వు ఆయన పెట్టించిన బొమ్మవి. చదువుకున్నవాళ్ళు అంటే తెలుసుకోగోరేవాళ్ళు అనుకునేదాన్ని అమ్మా. వీళ్ళలో చాలామంది నాకంటే రెండు మూడు పట్టాలు ఎక్కువ చదివారు. గ్లాసులో ఐసుముక్క ఎటు తిరుగుతోందో గంటసేపు చెప్పగలరు. ఎదురుగా నిలబడి చెమటలు కక్కుతున్న మనిషి నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది మాత్రం చెప్పలేరు.

ఇంతవరకూ వాళ్ళను తిట్టడం సులువుగా ఉంది, అందుకే ఇన్ని కాగితాలు నింపాను. ఇక నా సంగతి రాయాలి.

నీ ఉత్తరంలో చివర ఒక వాక్యం ఉంది. దాన్ని నేను పైన దింపలేదు. "కవరు మీద రాత నీ రాతలాగే ఉంది నీదే అయితే లోపల ఒక ముక్క నాకు రాయకుండా ఉంటావా అనుకుని కాదులే అనుకున్నా."

అది నా రాతేనమ్మా.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం సంపాదకురాలు, అంటే మా పై అధికారిణి, మీవాళ్ళు ఏం చేస్తారని అడిగింది. బట్టల వ్యాపారం అన్నాను. నోరు దానంతట అదే అనేసింది. ఆ మర్నాడే మీసాలాయన ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచాడు. సోడాబుడ్డి గుమ్మంలో నిలబడి ఉన్న ఫొటో ఒకటుంది. దాని అంచున నువ్వున్నావు. సగం మొహం, కుడిచెయ్యి, చేతిలో ఇస్త్రీపెట్టె. "ఈవిడ ఎవరు?" అంది సంపాదకురాలు. "గురువుగారు ముందుగదికి పెట్టుకున్న నటి," అన్నాడు మీసాలాయన. నా ఎదురుగా అన్నాడు. నా చేతిలో కలం ఉంది. ఏం రాసుకోవాలో అందరూ నా వైపు చూస్తున్నారు.

రాసుకున్నాను.

ఒక్క మాట కాదు, ఫొటో కింద వేసే వాక్యం మొత్తం రాశాను: "ఇస్త్రీ చేస్తున్న స్త్రీగా పదకొండేళ్ళు నటించిన అజ్ఞాత ఉద్యోగిని." ఎంత చక్కగా రాశావు అంది సంపాదకురాలు. నా వాక్యాన్ని ఆఫీసులో ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. సంతోషించాను కూడా. తరవాత, ఫొటో అట్ట మీద వేయాలంటే ఆ నటి అనుమతి కావాలన్నారు. కాగితం నన్నే రాయమన్నారు, నా భాష బాగుంటుందని. నీకు మూడుసార్లు చదివినా బోధపడని ఆ కాగితం అచ్చంగా నేను రాసిందే. నీకు బోధపడకుండా ఉండాలనే అలా రాశానేమో, నాకే తెలియదు. మన పాత కొట్టు ఉన్న భవనం యజమాని దగ్గర నీ చిరునామా సంపాదించి నా బల్ల మీద పడేశారు. నేనెన్నడూ ఎరగని చిరునామాలాగా దాన్ని కవరు మీద రాసి, నాలికతో తడిపి అంటించాను. నాలుగు నెలలుగా వీళ్ళను మనసులో తిట్టుకుంటూ ఉన్నాను, అమ్మా. వీళ్ళలో ఒక్కరు కూడా నిన్ను ఎరగరు. ఎరిగి ఆ మాట రాసింది నేనొక్కదాన్నే.

నిన్న, గురువారం, చివరి ప్రూఫులు చూడటానికి కూర్చున్నాం. సంపాదకురాలు, మీసాలాయన, నేను. మా పద్ధతి ఏమిటంటే, అచ్చుకు వెళ్ళేముందు ప్రతి పేజీ అడుగున సరిచూసినవాళ్ళు 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకుండా అచ్చువాడు పేజీ తీసుకోడు. తొంభై అయిదు పేజీలకు పెట్టాను. తొంభై ఆరు నీ ఫొటో.

సంపాదకురాలు భూతద్దం పెట్టి చూసి, "ఈ మణికట్టు మీద ఏమిటిది? ఫొటో మీద మరకా? తీసేయించమంటారా?" అంది.

"అయ్యయ్యో, ముట్టుకోకండి!" అన్నాడు మీసాలాయన. "అది మేకప్పండీ. గురువుగారు ప్రతి చిన్నదీ పట్టించుకునే మనిషి. ఇస్త్రీ చేసేవాళ్ళకు కాలిన మచ్చ ఉంటుందని ఆలోచించి వేయించి ఉంటారు. చూడండి, ఎంత సహజంగా కుదిరిందో!"

"అది మేకప్పు కాదండీ," అన్నాను.

"మీకెలా తెలుసు?"

"అది కాలినప్పుడు నేను బల్ల కింద ఉన్నాను. లేవబోయి బల్లను తలతో ఎత్తేశాను. పెట్టె నా మీద పడకుండా ఆవిడ చేత్తో ఆపింది. ఆవిడ మా అమ్మ."

సిగ్గుపడతారనుకున్నాను, అమ్మా. నాలుగు నెలలుగా ఆ క్షణాన్ని ఎన్నిరకాలుగా ఊహించుకుని భయపడ్డానో! మీసాలాయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"అంటే మీరు ముందుగదిలో పెరిగారా? మరి మీకు కూడా చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?"

"నాటకమని! మేడమ్, విన్నారా? పదకొండేళ్ళు కన్నకూతురికి కూడా అనుమానం రాకుండా నటించిందట ఆవిడ! ఇది పుస్తకంలో ఎక్కాలి. అమ్మాయీ, ఆవిష్కరణ రోజున మీరు ఆ బల్ల వెనక నిలబడాలి. ఫొటోలో ఉన్న అదే గౌను, అదే పెట్టె. వారసత్వమంటే ఇదీ!"

"ఆవిడ నటించలేదండీ. మీ గురువుగారు రాకముందు మూడేళ్ళ నుంచీ ఆ కొట్టు అక్కడే ఉంది. ఊళ్ళో చొక్కాలు ఇస్త్రీ చేసేది. ఇప్పటికీ చేస్తోంది."

"ఇప్పటికీనా!" అన్నాడు, ఇంకా పొంగిపోతూ. "పాత్రలోంచి బయటికి రాలేకపోయిందన్నమాట!"

గోడకు చెబితే గోడ కనీసం నోరు మూసుకుంటుంది. ఆ మనిషి ముందు నిజం పెడితే, దాన్ని కూడా నిమ్మచెక్కలాగా గ్లాసు అంచుకు గుచ్చుకుని సోకు చేసుకుంటాడు.

సంపాదకురాలు అంత పిచ్చిది కాదు. ఆవిడకు అర్థమైంది. ఆయన వెళ్ళేదాకా ఆగి, "బట్టల వ్యాపారం అన్నావు," అంది.

"బట్టలే మేడమ్. నలిగినవి తీసుకుని నలగనివి ఇచ్చేవాళ్ళం."

ఆవిడ నవ్వలేదు. "చూడు, నిజం ఏదైనా కానీ, ఆవిడ సంతకం వస్తే పుస్తకం అచ్చుకు పోతుంది. సంతకం లేకపోతే అట్ట పోతుంది, ఒక అధ్యాయం పోతుంది, ఈ పుస్తకానికి డబ్బు పెట్టిన గురువుగారి ట్రస్టువాళ్ళు నా పీక మీద కూర్చుంటారు. మీ అమ్మే కాబట్టి ఇంకా సులువు, నువ్వొక ముక్క రాస్తే పెట్టేస్తుంది. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా బల్ల మీదే ఉంది. బుధవారం దాకా ఆలోచించుకో," అంది. కోపంగా అనలేదు, వానొచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళు అన్నట్టు అంది. ఆవిడకు నువ్వు ఎవరివో తెలుసు ఇప్పుడు. తెలిసీ అదే కావాలంటోంది. ఈ నాలుగు నెలలూ నేను చేసిందీ అదే గనక ఆవిడను అనడానికి నాకు నోరు రాలేదు.

నేను తొంభై ఆరో పేజీని అలాగే వదిలేసి, తొంభై ఏడు నుంచి చివరిదాకా సరిచూసి, సంతకాలు పెట్టి, కట్ట ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చాను. ఆ ఒక్క పేజీ అడుగున ఖాళీగా ఉంది. దాని మీద నా సంతకం పడదు.

ఉద్యోగం పోతే పోనీ అని గొప్పగా రాయాలని ఉంది గాని, రాయలేను. భయంగానే ఉంది. పొద్దున్నే లేచి మంచి బూట్లు తుడుచుకుని, నాకంటూ ఒక బల్లా కుర్చీ ఉన్నచోటికి వెళ్ళడం నాకు ఇష్టం. మన ఇంట్లో అలా వెళ్ళిన మొదటి మనిషిని నేనేనని పిన్ని వీధిలో అందరికీ చెప్పుకుంటుందని తెలుసు. అది పోయాక ఏం చెప్పుకుంటుందో నువ్వే సర్దిచెప్పాలి.

నన్ను క్షమించమని నిన్ను అడగను. ఆ మాట నేను రాస్తే అది కూడా చక్కగా కుదిరిన వాక్యం అవుతుంది, నా వాక్యాల మీద నాకిప్పుడు నమ్మకం లేదు. నువ్వు అనవలసింది అను. పిన్ని చేత రాయించకు, నువ్వే రాయి.

కానీ నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. "నాకేం పోయింది" అన్నావు. నీకేం పోదమ్మా, నిజమే. వాళ్ళు నిన్ను నటి అన్నా, మహారాణి అన్నా, రేపు పొద్దున నువ్వు పెట్టె వేడిచేసి కాలరు నుంచి మొదలుపెడతావు. పోయేది నాది. నా బడి చదువూ, కాలేజీ చదువూ, ఈ ఉత్తరం రాస్తున్న చెయ్యీ నువ్వు ఇస్త్రీ చేసిన చొక్కాల్లోంచి వచ్చాయి. ఆ చొక్కాలు ఉత్తుత్తివని నీ సంతకంతో అచ్చయితే, నేనూ ఉత్తుత్తిదాన్నే అవుతాను. నాలుగు నెలలు అలాగే ఉండి చూశాను. నాకు వద్దు.

నా ఉద్యోగం కోసం పెడదామని నీ చెయ్యి ఊరుకోదని తెలుసు. బుధవారం దాటేదాకా ఆపుకో. నా కోసమే అయితే, పెట్టకు.

ఇట్లు,
ఆఫీసులో నిన్ను ఎరగనన్నట్టు కూర్చుని, నిన్న మధ్యాహ్నం నోరు విప్పిన
నీ కూతురు